పాత రంగుల కట్ గ్లాస్: వయసు, వాడకం ఎలా కనిపెట్టాలి?

పాతసామాన్ల అంగట్లో ఎర్రగా మెరిసే గాజు సీసా పట్టుకుంటే చాలు, "నవాబుల కాలం నాటిది సార్" అంటారు. ఆ మాట పక్కన పెట్టి ముందు సీసాను తలకిందులు చేయండి. కట్ గ్లాస్ (కోసి డిజైన్ చెక్కిన గాజు) వయసు రంగులో కంటే అడుగులోనూ, అంచుల్లోనూ బాగా తెలుస్తుంది. ఒక భూతద్దం, చిన్న యూవీ టార్చి, పగటి వెలుతురు ఉంటే చాలు.

1. చెక్కిందా, అచ్చుదా?

డిజైన్ అంచు మీద వేలు నెమ్మదిగా పోనివ్వండి. సానచక్రం మీద చెక్కినదైతే అంచు పదునుగా తగులుతుంది. అచ్చులో నొక్కినదైతే వాడిన సబ్బుబిళ్లలా మొద్దుగా ఉంటుంది, పక్కన సన్నటి అతుకు గీత కూడా కనబడొచ్చు. కోత లోపల భూతద్దంతో చూస్తే సన్నని సమాంతర గీతలు కనిపించాయా? అది చేతి పాలిష్ గుర్తు. గీతల్లేకుండా, అంచులు కాస్త కరిగినట్టు ఉంటే యాసిడ్ పాలిష్ (ఆమ్లంతో నునుపు చేసింది) కావొచ్చు. అలాంటివి ఎక్కువగా 20వ శతాబ్దానివి.

2. రంగు ఎంత లోతుగా ఉంది?

అసలు కథంతా ఇక్కడే. తెల్ల (రంగులేని) గాజు కనబడేలా కోసిన చోట, ఆ కోత అంచును పక్కనుంచి చూడండి. రంగు పుచ్చకాయ తొక్కలా మందంగా కనిపిస్తే, తెల్ల గాజు మీద రంగు గాజు పొర వేసి చెక్కినట్టు. గోళ్లరంగులా పల్చగా ఉంటే అది పైపూత, అంటే కొలిమిలో కాల్చి ఎక్కించిన రంగు. ఎర్ర పూత గ్లాసొకటి నేను స్టీలు పీచుతో తోమి, మూతి దగ్గర తెల్ల గీత పడేసుకున్నాను. అప్పుడు గానీ అది పూత అని అర్థం కాలేదు!

ఈ ఎర్ర పూతను బొహీమియాలో (నేటి చెక్ రిపబ్లిక్) ఫ్రెడ్రిక్ ఎగర్‌మన్ 1830ల్లో రాగితో సాధించాడు. అంటే ఈ రకం అంతకంటే పాతది కాదు. కానీ ఆ పని ఇప్పటికీ నడుస్తోంది, కాబట్టి ఎర్ర పూత మీద జింక బొమ్మ ఉన్నంత మాత్రాన పాతదని పొంగిపోకండి. పసుపుపచ్చ గాజు యూవీ కాంతిలో చిలకపచ్చగా వెలిగితే అందులో యురేనియం ఉన్నట్టే. ఆ రకం కూడా బొహీమియాలో 1830ల్లోనే ఊపందుకుంది.

3. అడుగు, రాత

ఏళ్ల తరబడి బల్ల మీద జరిగిన అడుగున గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. అన్నీ ఒకే వైపుకి ఉంటే గరుకు కాగితంతో రుద్దారేమోనని అనుమానించాలి. చెకోస్లొవేకియా అని రాసి ఉంటే 1918కి ముందుది కానే కాదు, ఆ దేశం పుట్టిందే అప్పుడు. ఇంగ్లండు వెండి మూత ఉంటే మీ పంట పండినట్టే: లంగరు ముద్ర బర్మింగ్‌హామ్‌ది, పక్కనే ఉన్న అక్షరం ఏడాదిని చెబుతుంది. బిరడా మీద, సీసా మెడ మీద గీసిన అంకెలు కలిస్తే జత మారలేదన్నమాట.

4. దేనికి వాడారు?

రెండు కొసలా వెండి మూతలున్న వేలెడంత గాజు గొట్టం దొరికితే విక్టోరియా కాలపు సెంటు సీసా. సాధారణంగా మరమూత వైపు అత్తరు, టక్కున తెరుచుకునే మూత వైపు కళ్లు తిరిగితే వాసన చూసే ఘాటు ఉప్పు పెట్టుకునేవారు. గిన్నె అంచుకు ఒకటో రెండో ముక్కుల్లాంటి ఒంపులుంటే ఐస్‌క్రీమ్ కప్పు అనుకోకండి. వైన్ గ్లాసు తలకిందులుగా పెట్టి, కాడను ఆ ఒంపులో ఆనించి, నీళ్లలో కడిగేవారు. రంగు గిన్నె, పొడవాటి తెల్ల కాడ ఉన్న గ్లాసు జర్మన్ తెల్ల వైన్‌కి.

హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు సామాను చూసి రండి. తలకిందులు చేయనివ్వరు గానీ, కోత అంచున రంగు ఎంత మందమో బయటి నుంచే చూడొచ్చు.