వీడియో సరిగ్గా ఆడట్లేదా? ప్లేయర్ మార్చే ముందు లక్షణం చూడండి

ఏ వీడియో ప్లేయర్ మంచిదని ఎవరినడిగినా వీఎల్‌సీ అనేస్తారు. ఆ మాటలో తప్పేం లేదు. కానీ వీఎల్‌సీ వేసుకున్నా బొమ్మ ఆగి ఆగి వస్తోందని మొత్తుకునేవాళ్లూ తక్కువేం కాదు. ఇబ్బంది ఎక్కడుందో తేలకుండా ఎన్ని ప్లేయర్లు మార్చినా లాభం లేదు.

ముందుగా ఫైల్ లోపల ఏముందో చూడాలి. ఎంకేవీ, ఎంపీ4 అనేవి పైన కనిపించే డబ్బాలు మాత్రమే. లోపల వీడియో ఏ కోడెక్‌లో (వీడియోని కుదించి దాచే పద్ధతిలో) ఉందన్నదే అసలు సంగతి. వీఎల్‌సీలో ఫైల్ తెరిచి కంట్రోల్, జె కలిపి నొక్కితే ఆ వివరాలన్నీ వస్తాయి. హెచ్.264 ఉంటే దాదాపు ఏ కంప్యూటరైనా లాగేస్తుంది. హెచ్.265 (దీన్నే హెచ్‌ఈవీసీ అంటారు) లేదా ఏవీ1 ఉంటే కింది రెండు సమస్యల్లో ఏదో ఒకటి మీదే అయ్యుండొచ్చు.

శబ్దం వస్తోంది, బొమ్మ రావట్లేదు

కారణం: విండోస్‌తో వచ్చే ప్లేయర్‌కి హెచ్‌ఈవీసీని విప్పే డీకోడర్ లేకపోవడం. చాలా కంప్యూటర్లలో దాన్ని మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో విడిగా కొనమంటుంది. బొమ్మ ఉండి శబ్దం లేకపోతే అదే కథ ఆడియో వైపు జరిగిందన్నమాట: ఆ ప్లేయర్‌కి డీటీఎస్ లాంటి ఆడియో ఫార్మాట్ తెలియదు. మ్యాక్‌లో క్విక్‌టైమ్ అయితే ఎంకేవీ ఫైల్‌ని అసలు తెరవనే తెరవదు.

పరిష్కారం: డీకోడర్లను తనలోనే పెట్టుకుని వచ్చే ప్లేయర్ వాడటం. వీఎల్‌సీ, ఎంపీవీ, ఎంపీసీ-హెచ్‌సీ మూడూ అలాంటివే. మ్యాక్ వాళ్లకి ఎంపీవీ ఆధారంగా తయారైన ఐఐఎన్‌ఏ హాయిగా ఉంటుంది. డీకోడర్లన్నీ కట్టగట్టి ఇచ్చే కోడెక్ ప్యాక్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. ఒకప్పుడు వాటి అవసరం ఉండేది. ఇప్పుడు అవి సిస్టమ్ మొత్తం మీద డీకోడర్ల వరస మార్చేసి, బాగా నడుస్తున్న వేరే సాఫ్ట్‌వేర్‌ని కూడా చెడగొట్టగలవు.

4కే వీడియో నత్తనడక నడుస్తోంది, ఫ్యాన్ హోరెత్తుతోంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. వీడియో ఆడుతుండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీద నొక్కితే వీడియో డీకోడ్ అనే చిన్న గ్రాఫ్ కనిపిస్తుంది (కొన్ని కార్డులకు పేరు కొంచెం వేరుగా ఉంటుంది). సీపీయూ (ప్రాసెసర్) వాడకం నూటికి చేరి, ఈ గ్రాఫ్ మాత్రం నేలకి అతుక్కుని ఉందంటే దొంగ దొరికినట్టే. గ్రాఫిక్స్ చిప్ చేయాల్సిన పనంతా ప్రాసెసర్ నెత్తిన పడింది.

అలా పడటానికి రెండు కారణాలు. మొదటిది సెట్టింగ్. వీఎల్‌సీలో 2018లో వచ్చిన 3.0 నుంచి హార్డ్‌వేర్ డీకోడింగ్ (వీడియోని గ్రాఫిక్స్ చిప్‌తో విప్పించడం) మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. పాత వెర్షన్ వాడుతుంటే మార్చేయండి. కొత్తదే అయితే టూల్స్, ప్రిఫరెన్సెస్, ఇన్‌పుట్/కోడెక్స్‌లోకి వెళ్లి ఆటోమేటిక్ అని ఉందో లేదో చూడండి. ఎంపీవీలో అది మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. ఆడుతుండగా కంట్రోల్, హెచ్ నొక్కితే ఆన్ అవుతుంది. తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

రెండోది చిప్‌కే ఆ విద్య రాకపోవడం. ఇంటెల్‌లో 10 బిట్ (రంగుల ఛాయలు ఎక్కువుండే) హెచ్‌ఈవీసీ ఏడో తరం నుంచి, ఏవీ1 పదకొండో తరం నుంచి వచ్చాయి. ఎన్విడియాలో ఏవీ1 కావాలంటే ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ నుంచి పైకి ఉండాలి. మీది అంతకంటే పాతదైతే ఏ ప్లేయరూ అద్భుతాలు చేయలేదు. అదే వీడియోని 1080పీలో, హెచ్.264లో తెచ్చుకోవడమే దారి. ఈ మాట ఎవరికీ నచ్చదు, కానీ నిజం.

హార్డ్‌వేర్ డీకోడింగ్ పెట్టాక ఆకుపచ్చ, గులాబీ గడులు కనిపిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి. సీపీయూ, జీపీయూ రెండూ ఖాళీగా ఉన్నా ఆగుతోందంటే ఫైల్ నెమ్మదిగా అందుతోందని అర్థం. పెన్‌డ్రైవ్ నుంచో వైఫై మీదుగానో ఆడిస్తుంటే, దాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసి చూడండి.

ఇవేవీ కాకుండా, కెమెరా పక్కకి మెల్లగా తిరిగేటప్పుడు మాత్రమే సన్నని కుదుపు ఉంటే అది లోపం కాదు, లెక్క. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, చాలా స్క్రీన్లు 60 సార్లు మారతాయి. 60ని 24 నిశ్శేషంగా భాగించదు కాబట్టి ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు కనిపిస్తుంది. స్క్రీన్‌కి 120 హెర్ట్జ్ సౌకర్యం ఉంటే అది పెట్టుకుంటే ఈ బాధ పోతుంది.

రంగులు వెలిసిపోయాయి

హెచ్‌డీఆర్ (వెలుగు, రంగుల పరిధి ఎక్కువుండే) వీడియోని మామూలు స్క్రీన్ మీద చూస్తున్నారు. ఆ వెలుగుని మన స్క్రీన్ తట్టుకునేంతకి కుదించే పని ప్లేయర్ చేయాలి. దీంట్లో ఎంపీవీకే నా ఓటు. ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే రంగులు కుదురుగా వస్తాయి.

మాట ఒకటి, పెదవి ఒకటి

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ తీసి చూడండి. సరిపోయిందా, తప్పు వాటిదే. వాటితోనే చూడాలంటే వీఎల్‌సీలో జె నొక్కండి, శబ్దం 50 మిల్లీసెకన్లు ముందుగా వస్తుంది. కె నొక్కితే ఆలస్యంగా. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను తేడా పెరుగుతుంటే ఫైలే పాడైంది, వేరేది చూసుకోండి.

సబ్‌టైటిల్స్ తిప్పలు

తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్ లేదు. సబ్‌టైటిల్ సెట్టింగ్స్‌లో నిర్మలా యూఐ గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టండి. పిచ్చి గుర్తులు వస్తే ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్‌లో రాసే పద్ధతి) తేడా. ఎస్‌ఆర్‌టీ (సబ్‌టైటిల్) ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ అక్షరాలు బాగుంటే యూటీఎఫ్-8లో మళ్లీ సేవ్ చేస్తే సరిపోతుంది.

ఆలస్యంగా వస్తుంటే వీఎల్‌సీలో జి, ముందే వచ్చేస్తుంటే హెచ్. అయితే గంట గడిచేసరికి రెండున్నర నిమిషాల తేడా వచ్చిందంటే ఈ మీటలు పనికిరావు. 25 ఫ్రేముల కాపీకి తయారైన సబ్‌టైటిల్‌ని 23.976 ఫ్రేముల సినిమాకి తగిలించారు. సరైన కాపీకి చెందినది వెతుక్కోవాలి.

మాటలు వినబడవు, ఫైటింగ్ మాత్రం చెవులు పగలగొడుతుంది

ఆరు స్పీకర్ల కోసం చేసిన 5.1 ఆడియోని రెండు స్పీకర్లలోకి కుక్కితే ఇలాగే అవుతుంది. వీఎల్‌సీ ఎఫెక్ట్స్‌లో కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించేది) ఆన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఫైల్‌లో స్టీరియో ట్రాక్ విడిగా ఉంటే అదే ఎంచుకోండి.

ఇంతకీ ఏది వేసుకోవాలి?

ఇంట్లో నలుగురూ వాడే కంప్యూటర్‌కి వీఎల్‌సీ. పాత విండోస్ మెషీన్‌కి తేలికైన ఎంపీసీ-హెచ్‌సీ. బొమ్మ నాణ్యతే ముఖ్యమని, మెనూలు పెద్దగా లేకపోయినా కీబోర్డ్‌తో గడిపేస్తామని అనుకునేవాళ్లకి ఎంపీవీ. మూడూ ఉచితమే, ప్రకటనలు ఉండవు. ఎంపీసీ-హెచ్‌సీ విషయంలో ఒక మెలిక ఉంది: పాత బృందం 2017లో పని ఆపేసింది. తర్వాత వేరే డెవలపర్ దాన్ని గిట్‌హబ్‌లో (డెవలపర్లు సాఫ్ట్‌వేర్ కోడ్ పెట్టే సైట్‌లో) కొనసాగిస్తున్నారు, కాబట్టి అక్కడి నుంచే దించుకోండి. వీఎల్‌సీని కూడా దాన్ని తయారుచేసే వీడియోలాన్ సొంత సైట్ నుంచే తీసుకోవాలి. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనల లింకులు నొక్కితే ప్లేయర్‌తో పాటు అక్కర్లేని సరుకు కూడా రావచ్చు.