గుంతకల్లులో బండి మారాలంటే

మా పెద్దపాపను హుబ్బళ్లికి ఇచ్చి 11 ఏళ్లయింది. కడప నుంచి ఏడాదికి మూడు నాలుగుసార్లు పోతుంటాను. నేరుగా పోయే హరిప్రియ ఎక్స్‌ప్రెస్ ఉంది, అందులో బెర్తు దొరికితే మీకు ఈ రాతతో పని లేదు, హాయిగా ఎక్కి పడుకోండి. దొరకని రోజుల్లోనే గుంతకల్లులో దిగి ఇంకో బండి అందుకోవాల్సొస్తుంది. మా వీధిలో బళ్లారి, హొసపేట, గదగ వైపు వియ్యాలున్న వాళ్లు ఎవరు బయల్దేరినా ముందు మా ఇంటికొచ్చి అడిగిపోతారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ముందు దిక్కులు మనసులో పెట్టుకోండి. ఒక పక్క గుత్తి, కడప, రేణిగుంట మీదుగా చెన్నై. ఇంకో పక్క ఆదోని, మంత్రాలయం రోడ్, రాయచూరు మీదుగా ముంబై. బళ్లారి మీదుగా హుబ్బళ్లి. డోన్, నంద్యాల మీదుగా గుంటూరు. అనంతపురం, ధర్మవరం మీదుగా బెంగళూరు. ఇన్ని దారులు ఒక్కచోట కలుస్తాయి. మా నాయన కాలంలో చెన్నై-ముంబై లైను ఒక్కటే బ్రాడ్‌గేజ్, హుబ్బళ్లి లైను మీటర్‌గేజ్. పట్టాల వెడల్పే వేరు గనక మనుషులు దిగి మారాల్సిందే, సరుకు కూడా ఒక వ్యాగను నుంచి దించి ఇంకో వ్యాగనుకు ఎక్కించాల్సిందే. ఇప్పుడన్నీ బ్రాడ్‌గేజే. అయినా మన వైపు నుంచి పోయే బండ్లు చాలావరకు ముంబైకో, సికింద్రాబాదుకో పోతాయి కాబట్టి హుబ్బళ్లి వాళ్లకు మారే పని తప్పలేదు.

ఒక మాట కర్నూలు వాళ్లకు. కర్నూలు నుంచి అనంతపురం, బెంగళూరు పోవడానికి గుంతకల్లు రానక్కర్లేదు. డోన్ దాటాక పెండేకల్లు దగ్గర లైను రెండుగా చీలుతుంది, ఒకటి గుత్తికి, ఒకటి గుంతకల్లుకు. కాచిగూడ-బెంగళూరు బండ్లు గుత్తి మీదుగా పోతాయి. టికెట్ తీసేటప్పుడు స్టేషన్ కోడ్ చూసుకోండి. జీటీఎల్ అంటే గుంతకల్లు, జీవై అంటే గుత్తి. రెండు పేర్లూ 'గు'తోనే మొదలవుతాయి, తొందరలో వేలు ఒకదాని బదులు ఇంకోదాని మీద పడుతుంది.

ఇక అసలు సంగతి, రెండు బండ్ల మధ్య వ్యవధి. కాగితం మీద గంట కనిపిస్తే సరిపోతుందిలే అనుకోవద్దు. నాకు తగిలిన దెబ్బ చెప్తా. పాప పెళ్లయిన మూడో ఏట, మా అత్తమ్మను వెంటబెట్టుకొని పోతున్నా. చేతిలో గంటా పది నిమిషాలుంది. తీరా గుంతకల్లు దగ్గరికొచ్చాక బండిని ఔటర్‌లో ఆపేశారు. కిటికీలోంచి స్టేషన్ దీపాలు కనపడుతున్నాయి, బండి మాత్రం కదలదు. అన్ని దిక్కుల నుంచి బండ్లు వచ్చే చోట ఒకటి ఆలస్యమైతే ప్లాట్‌ఫామ్ ఖాళీ అయ్యేదాకా తక్కినవి బయట నిలబడాల్సిందే. మేం దిగి, మెట్లెక్కి, వంతెన మీదికొచ్చేసరికి హుబ్బళ్లి బండి చివరి పెట్టె వెనక ఎర్రదీపం చిన్నదవుతూ కనిపించింది. అత్తమ్మ మాటా పలుకూ లేకుండా ఓళిగల డబ్బా ఒళ్లో పెట్టుకొని మెట్ల మీదే కూర్చుంది. ఆ రాత్రి బెంచీ మీదే తెల్లారింది. రెండో టికెట్ డబ్బులూ పోయినాయి.

అప్పటి నుంచి పగలైతే మూడు గంటలు, రాత్రయితే నాలుగు గంటలు వ్యవధి ఉండేట్టు చూసుకుంటున్నా. ఎక్కువనిపించొచ్చు. వయసైనవాళ్లు, చంకలో బిడ్డలు వెంట ఉంటే అది ఎక్కువ కాదు.

డబ్బు పోకుండా ఇప్పుడు ఒక దారుంది. 2019 ఏప్రిల్ నుంచి రెండు రిజర్వేషన్ టికెట్ల పీఎన్ఆర్‌లను కలిపి పెట్టుకోవచ్చు. ఐఆర్‌సీటీసీలో కనెక్టింగ్ జర్నీ అని ఉంటుంది, మొదటి టికెట్ పీఎన్ఆర్ ఇచ్చి రెండోది తీయాలి. కౌంటర్‌లో తీసినా అడిగితే కలుపుతారు. రెండింటిలో పేర్లు, వయసులు అచ్చం ఒకటే ఉండాలి, మొదటి బండి దిగే స్టేషన్‌లోనే రెండోది ఎక్కాలి. అలా కలిపాక మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, రద్దు ఛార్జీ కోయకుండా రెండో టికెట్ డబ్బు తిరిగిస్తారు. కానీ ఊరికే రాదు. మొదటి బండి నిజంగా చేరిన వేళ నుంచి 3 గంటల్లోపు ఆన్‌లైన్ టికెట్‌కు టీడీఆర్ (డబ్బు తిరిగివ్వమని పెట్టే అర్జీ) వేయాలి, కౌంటర్ టికెట్ అయితే అదే స్టేషన్‌లో అప్పజెప్పాలి. బండి తప్పిన బాధ పక్కనబెట్టి ముందు ఈ పని చేసుకోండి, ఏడ్చేది తర్వాత ఏడవొచ్చు.

జనరల్‌లో పోయేవాళ్లు గుంతకల్లులో దిగి మళ్లీ క్యూలో నిలబడొద్దు. కడపలోనే హుబ్బళ్లికి ఒకే టికెట్ అడగండి. మధ్యలో బండి మారడానికి అది చెల్లుతుంది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే రేటు తగ్గుతుంది గనక రెండు ముక్కలుగా తీసినదానికన్నా చవక కూడా.

తేదీ దగ్గర జాగ్రత్త. గుంతకల్లుకు అర్ధరాత్రి దాటాక వచ్చే బండ్లు చాలా ఉంటాయి. శనివారం రాత్రి కడపలో ఎక్కి, గుంతకల్లులో 12 దాటాక రెండో బండి ఎక్కుతున్నారంటే ఆ టికెట్ ఆదివారం తేదీతో ఉండాలి. మా తమ్ముడు శనివారానికే తీశాడు. ఆ బండి అంతకు ముందురాత్రే పోయింది, వాని బెర్తులో ఇంకొకరు పడుకొని ఉన్నారు.

దిగగానే చేయాల్సింది, ఉన్నచోటే రెండు నిమిషాలు ఆగడం. జనం ఉరుకుతుంటారు, వాళ్ల వెంట పడొద్దు. సామాను లెక్కపెట్టుకోండి, బోర్డు చూడండి, "దయచేసి వినండి" అని వచ్చే ప్రకటన పూర్తిగా వినండి. ఫోన్‌లోని యాప్ ప్లాట్‌ఫామ్ నంబరు చూపిస్తుంది గానీ, అది మామూలుగా బండి వచ్చే ప్లాట్‌ఫామ్. ఆ రోజుది ప్రకటనలోనే తెలుస్తుంది. ఒకసారి విన్నాక కూడా చెవులు అటే పెట్టండి, చివర్లో మార్చడం నేను చూశాను. పెట్టెల వరస కూడా బండి వచ్చే ముందు డిస్‌ప్లేలో చూసుకోండి. జంక్షన్‌లో కొన్ని బండ్లకు ఇంజన్ ఆ కొస నుంచి ఈ కొసకు మారుస్తారు, అప్పటిదాకా ముందున్న పెట్టె వెనకదైపోతుంది.

సామాను సంగతి ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నా. స్లీపర్‌లో మనిషికి 40 కిలోల దాకా ఉచితమే, కానీ వంతెన మెట్లెక్కేది మన మోకాళ్లు. కారంపొడి, ఊరగాయ, అరిసెలు, మనవరాలికి గౌన్లు అన్నీ ఒకే పెద్ద సంచిలో కుక్కుతారు. అట్లా కాకుండా రెండు చేతులకూ సమానంగా తూగే రెండు సంచులు చేసుకోండి. ఊరగాయ సీసా మూతకు ప్లాస్టిక్ కవరు చుట్టి దారం కట్టి, సంచిలో నిలబెట్టి, చుట్టూ చీరలు కూరండి. కూలీని పిలిస్తే ఎర్రచొక్కా, చేతికి బిళ్ల ఉన్నాయా చూసి, రేటు ముందే మాట్లాడుకోండి. నడవలేనివాళ్లుంటే చక్రాల కుర్చీ కోసం బయల్దేరే ముందే 139కి ఫోన్ చేయండి. 45 దాటిన ఆడవాళ్లకు, 60 దాటిన మగవాళ్లకు లోయర్ బెర్తు కోటా ఉంది, ఒకరో ఇద్దరో పోతున్నప్పుడు అది అడిగి తీసుకోండి.

రాత్రి వేచి ఉండాల్సొస్తే వెయిటింగ్ రూమ్‌లో ఆడవాళ్లున్న పక్క కూర్చుంటా, ఫోన్‌లో బండి వేళకు గంట ముందుకు అలారం పెట్టుకుంటా. సద్ది ఇంటి నుంచే తెచ్చుకుంటా. పొద్దున పూటయితే మాత్రం స్టేషన్ బయటికిపోయి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా రాను.

పగలు ఐదారు గంటలు ఖాళీ ఉంటే, సామాను చూసుకునేవాళ్లు ఒకరుంటే, కసాపురం పోయి రండి. నెట్టికంటి ఆంజనేయస్వామి గుడి స్టేషన్‌కు ఐదారు కిలోమీటర్లే, ఆటోలు దొరుకుతాయి. వ్యాసరాయలు ప్రతిష్ఠించిన స్వామి అని పెద్దలు చెప్తారు. మంగళవారం, శనివారం క్యూ పెద్దది, ఆ రోజుల్లో ఇంకో గంట చేర్చి లెక్కేసుకోండి. బండి వేళకు గంట ముందే ప్లాట్‌ఫామ్ మీదికి తిరిగొచ్చేయండి.