గేమ్ టీమ్‌లో లీడ్ ప్రోగ్రామర్‌కి ఎదురయ్యే సమస్యలు, వాటి అసలు కారణాలు, పరిష్కారాలు

కోడ్ బాగా రాస్తారని ఒకరిని లీడ్ చేస్తారు. ఆ మర్నాటి నుంచి వాళ్ల దగ్గరికి వచ్చే సమస్యల్లో చాలావాటికి మూలం కోడ్‌లో ఉండదు, టీమ్ పనిచేసే పద్ధతిలో ఉంటుంది. అందుకే బగ్ ఫిక్స్ చేసి వదిలేస్తే అదే సమస్య వచ్చే నెల ఇంకో చోట తేలుతుంది. కొత్తగా లీడ్ అయినవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను పనిచేసేది యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో, మొబైల్ గేమ్స్ మీద. ఉదాహరణలు కూడా ఎక్కువగా అక్కడివే.

సమస్య: ఆట మధ్యలో ఒక్క క్షణం ఆగి మళ్లీ నడుస్తుంది

టెస్టింగ్ వాళ్లు “ల్యాగ్” అని ఒక్క మాట రాసి పంపిస్తారు. ముందు అడగాల్సింది ఇది: గేమ్ మొత్తం నెమ్మదిగా ఉందా, అప్పుడప్పుడు ఆగుతోందా? ఈ రెండూ వేరు జబ్బులు. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేమ్ 16.67 మిల్లీసెకన్లలో పూర్తవ్వాలి. ఒకే ఒక్క ఫ్రేమ్‌కి 50 మిల్లీసెకన్లు పట్టినా సగటు 58 చూపిస్తుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఆడేవాళ్లకి మాత్రం వేలు పెట్టిన చోట పట్టేసినట్టు తెలిసిపోతుంది. కాబట్టి సగటు పక్కన పెట్టి, ప్రొఫైలర్‌లో (ఏ పనికి ఎంత సమయం పడుతోందో చూపించే టూల్) అన్నిటికన్నా పొడవైన ఫ్రేమ్ పట్టుకోండి. అది కూడా ఫోన్ మీద నడుస్తున్న బిల్డ్‌లో (కోడ్ నుంచి తయారైన గేమ్) చూడాలి. కంప్యూటర్‌లో గేమ్ తయారు చేసే ఎడిటర్‌లో చూస్తే ఎడిటర్ సొంత బరువు కూడా లెక్కలో కలిసిపోతుంది.

ఇలా ఆగి ఆగి నడిచే గేముల్లో ఎక్కువసార్లు దొరికే కారణం గార్బేజ్ కలెక్టర్, అంటే వాడి వదిలేసిన మెమరీని ఖాళీ చేసే భాగం. పేల్చిన ప్రతి బుల్లెట్‌నీ కొత్తగా సృష్టించి, తగలగానే నాశనం చేస్తుంటారు. స్కోరు మారకపోయినా ప్రతి ఫ్రేమ్‌లో కొత్త స్ట్రింగ్ (టెక్స్ట్ ముక్క) తయారవుతుంటుంది. ఆ చెత్త పేరుకున్నాక ఇంజిన్ ఆటని ఆపి ఊడుస్తుంది. లెవెల్ మొదట్లోనే ఒక 50 బుల్లెట్లు తయారు చేసి దాచి, వాటినే తిప్పి తిప్పి వాడండి. స్కోరు మారినప్పుడే టెక్స్ట్ మార్చండి. ఇంక్రిమెంటల్ గార్బేజ్ కలెక్షన్ ఆన్ చేస్తే ఊడ్చే పని చాలా ఫ్రేముల మీద సర్దుకుంటుంది కానీ, చెత్త తగ్గదు.

ఇంతవరకు ఏ ప్రోగ్రామరైనా చేయగలరు. లీడ్ చేయాల్సింది ఆ తర్వాత మొదలవుతుంది. ఆ 16 మిల్లీసెకన్లలో గేమ్ లాజిక్‌కి ఎంత, ఫిజిక్స్‌కి ఎంత, రెండరింగ్‌కి (బొమ్మ గీయడానికి) ఎంత, యూఐకి (బటన్లు, మెనూలకి) ఎంత అని పంచి రాసి, అందరికీ కనిపించే చోట పెట్టండి. ఎవరి వాటా దాటితే వాళ్లకే తెలియాలి. తక్కువ రేటు ఫోన్ ఒకటి టీమ్ బల్ల మీద ఎప్పుడూ ఉండాలి. దాని మీద కనీసం 20 నిమిషాలు ఆడించండి, ఎందుకంటే ఫోన్ వేడెక్కాక ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. మొదటి రెండు నిమిషాలు చూసి “బాగుంది” అనేస్తే ఇది ఎప్పటికీ దొరకదు.

సమస్య: ఏ ఎర్రర్ లేకుండా గేమ్ మూసుకుపోతుంది

క్రాష్ రిపోర్టులో ఏమీ ఉండదు, తక్కువ మెమరీ ఉన్న ఫోన్లలోనే జరుగుతుంది. అంటే ఆండ్రాయిడే మెమరీ చాలక గేమ్‌ని ఆపేసి ఉండొచ్చు. ముందు టెక్స్చర్లు, అంటే గేమ్‌లో వాడే బొమ్మలు చూడండి. 2048 బై 2048 బొమ్మ కంప్రెస్ చేయకపోతే 16 ఎంబీ తింటుంది. అదే ఏఎస్‌టీసీ 4 బై 4 అనే కంప్రెషన్ పద్ధతిలో అయితే 4 ఎంబీ. ఆర్టిస్టుల మీద విసుక్కోకండి, ఆ లెక్క వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు. ఆర్ట్ లీడ్‌తో కూర్చుని సీన్‌కి ఇంత అని మెమరీ పరిమితి పెట్టుకోండి. ఇంపోర్ట్ సెట్టింగ్స్‌ని స్క్రిప్ట్ ద్వారా ఆటోమేటిక్‌గా పెట్టేస్తే ఎవరూ గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

సమస్య: లోడింగ్ నిమిషాల తరబడి సాగుతుంది

టీమ్‌లో అందరూ నెట్‌వర్క్ అంటారు, లేకపోతే ఫోనే పాతదంటారు. కొలవకుండా ఏ మాటా నమ్మొద్దు. జీటీఏ ఆన్‌లైన్ కథ దీనికి గట్టి ఉదాహరణ. ఏళ్ల తరబడి ఆటగాళ్లు ఆ లోడింగ్ భరించారు. 2021లో బయటి ప్రోగ్రామర్ ఒకరు సోర్స్ కోడ్ లేకుండానే ప్రొఫైల్ చేసి చూస్తే, దాదాపు 10 ఎంబీ ఉన్న జేసన్ ఫైల్ (డేటాని టెక్స్ట్‌గా రాసే ఫైల్) చదవడంలో సమయమంతా పోతోందని తేలింది. ఒక్కో విలువ చదివిన ప్రతిసారీ గేమ్ మిగిలిన టెక్స్ట్ పొడవు మొత్తం మళ్లీ లెక్కపెడుతోంది. పైగా ఆ ఐటమ్ ముందే ఉందా అని జాబితా అంతా వెతుకుతోంది. ఆ రెండూ సరిచేస్తే తన కంప్యూటర్‌లో ఆరు నిమిషాల లోడింగ్ రెండు నిమిషాల లోపుకి వచ్చింది. ఆ గేమ్ తయారు చేసిన రాక్‌స్టార్ ఆ విషయం ఒప్పుకుని, గేమ్‌ని అప్‌డేట్ చేసి, ఆయనకి 10,000 డాలర్లు ఇచ్చింది.

జాబితా చిన్నగా ఉన్నప్పుడు ఇలాంటి కోడ్ ఎవరినీ ఇబ్బంది పెట్టదు. డేటా పెరిగేకొద్దీ బయటపడుతుంది. అందుకే మీ గేమ్‌లో ఇప్పుడు 100 ఐటమ్స్ ఉంటే, 10,000 ఉన్న నకిలీ ఫైల్ పెట్టి ఒకసారి లోడ్ చేసి చూడండి. లోడింగ్ సమయాన్ని ప్రతి బిల్డ్‌లో లాగ్ చేయండి.

సమస్య: శుక్రవారం సాయంత్రం బిల్డ్ బ్రేక్ అవుతుంది

అందరూ వారమంతా విడివిడిగా పనిచేసి, చివర్లో అందరి కోడ్‌నీ ఒకేసారి కలిపి మెర్జ్ చేస్తున్నారన్నమాట. పెద్ద మార్పులు వద్దు, రోజూ చిన్న చిన్న కమిట్లు (ఉమ్మడి కోడ్‌లోకి మార్పులు చేర్చడం) చేయాలి. ప్రతి కమిట్‌కీ బిల్డ్ దానంతటదే తయారవ్వాలి. ఆగిపోతే మిగతా పని పక్కన పెట్టి ముందు అదే చూడాలి. ఒకే సీన్ ఫైల్‌ని ఇద్దరు మార్చి గొడవ వస్తుంటే సీన్‌ని ప్రీఫ్యాబులుగా (విడి ఫైళ్లలో ఉండే భాగాలు) విడగొట్టండి. మోడల్స్, ఫొటోషాప్ ఫైళ్లు ఎలాగూ మెర్జ్ కావు కాబట్టి వాటికి లాక్ పెట్టుకునే పద్ధతి ఉండాలి.

సమస్య: చిన్న మార్పుకి కూడా అందరూ మీ కోసం ఎదురుచూస్తున్నారు

ఒక రోజు మా లెవెల్ డిజైనర్ నా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది. “అన్నా, మూడో లెవెల్లో జంప్ కాస్త తగ్గించాలి. మొన్న టికెట్ పెట్టాను, చూశారా?” అంది. చూశాను. చిన్న పనే కదా, తర్వాత చేద్దామని ఆపాను. ఫైల్ తెరిస్తే మార్చాల్సింది ఒకటే అంకె, 4.5. దాన్ని 4.2 చేసి బిల్డ్ ఇచ్చాను. ఆడి చూసి, “మరీ తక్కువైపోయింది అన్నా, 4.35 పెడదామా?” అంది. మళ్లీ బిల్డ్. ఆ మధ్యాహ్నం అలా ఆరుసార్లు జరిగింది. తప్పు ఆమెది కాదు. సరైన జంప్ ఎంతో ఆడి, మార్చి, మళ్లీ ఆడితేనే తెలుస్తుంది. ఆమె చేతిలో ఉండాల్సిన అంకెని నేను కోడ్‌లో పెట్టి తాళం వేశాను.

ఆ వారమే జంప్, వేగం, శత్రువుల బలం లాంటి అంకెలన్నీ స్క్రిప్టబుల్ ఆబ్జెక్ట్స్‌లోకి, అంటే కోడ్ బయట ఉండే యూనిటీ డేటా ఫైళ్లలోకి మార్చాం. గేమ్ నడుస్తుండగానే ఎడిటర్‌లో మార్చి చూడొచ్చు, ప్లే ఆపినా ఆ మార్పు పోదు. పొరపాటున 45 టైప్ చేస్తే తీసుకోకుండా ప్రతిదానికీ ఒక హద్దు పెట్టాం. ఇతరుల పని ఆగకుండా చేసే ఇలాంటి టూల్స్‌ని మీ ఫీచర్ కన్నా ముందు చేయండి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మిగతావాళ్ల పని ఆధారపడే కీలకమైన సిస్టమ్ మీరు సొంతంగా రాయడానికి తీసుకోకండి. మీటింగులకే సగం రోజు పోయే మనిషి చేతిలో అది పడితే టీమ్ మొత్తం ఆగుతుంది.

సమస్య: మైల్‌స్టోన్ తేదీ ప్రతిసారీ వాయిదా పడుతోంది

పని చేసేవాళ్లని అడగకుండా వాళ్ల తరఫున మీరు తేదీ చెబుతున్నారేమో చూసుకోండి. ఎన్ని రోజులు పడుతుందనే అంచనా, ఆ పని చేసేవాళ్లే చెప్పాలి. దానికి ఇంటిగ్రేషన్ (అందరి పనినీ ఒకచోట కలపడం), బగ్ ఫిక్సింగ్ రోజులు మీరు కలపాలి. ఆలస్యమవుతుందని తెలిసిన రోజే ప్రొడ్యూసర్‌కి చెప్పండి, ఏ ఫీచర్ తగ్గిస్తే తేదీ నిలుస్తుందో కూడా వెంట తీసుకెళ్లండి.

సమస్య: జూనియర్ మూడు రోజులుగా “అవుతోంది అన్నా” అంటున్నాడు

పని రాక కాదు, అడగడానికి భయపడుతున్నాడు. బహుశా ఎప్పుడో రివ్యూలో పది మంది ముందు ఎవరో గట్టిగా అన్నారు, అది మీరే కావచ్చు. ఇది నేను చాలా ఆలస్యంగా గుర్తించాను. “ఎంతవరకు వచ్చింది?” అని అడిగితే “80 శాతం” అనే జవాబే వస్తుంది. దాని బదులు వెళ్లి పక్కన కూర్చుని, “ఇప్పుడు ఎంత నడుస్తుంటే అంతే చూపించు” అనండి. కీబోర్డు మీరు లాక్కోకండి. ఎక్కడ ఆగిపోయాడో అతనే చెప్పేదాకా ఓపిక పట్టండి. గంటన్నర ప్రయత్నించినా కదలకపోతే వచ్చి అడగాలని టీమ్ అందరికీ ఒకే నియమం పెట్టండి. అడగడానికి వచ్చినప్పుడు స్క్రీన్ మీంచి చూపు తిప్పి, మొదటి మాటగా “కూర్చో” అనండి.