పొగమంచు రోజుల్లో సైకిల్ దిగి మెట్లెక్కండి

నలభై అయిదు దాటిన సైకిల్ దోస్తులకు ఒక మాట. డిసెంబరు, జనవరిల్లో పొద్దుగాల నల్లగొండ చుట్టుపక్కల రోడ్ల మీద మంచు కమ్మితే ఎదురొచ్చే లారీ లైటు కూడా దగ్గరికొచ్చేదాకా కనపడదు. ఆ టైంలో రోడ్డెక్కకండి. వారానికి రెండు రోజులు, కాస్త వెలుతురు వచ్చాక లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లెక్కండి.

సైకిల్ మీద మన బరువు చాలావరకు సీటే మోస్తుంది, ఎముకలకు పని తక్కువ. వయసు మీద పడేకొద్దీ వాటికి ఒంటి బరువు తగలాలి. ఎక్కేటప్పుడు మునివేళ్ల మీద కాకుండా పాదం మొత్తం మెట్టు మీద ఆనించండి, తొడకూ పిరుదుకూ పని పడుతుంది. అసలు కసరత్తు దిగేటప్పుడే ఉంది. మోకాలు లోపలికి వాలకుండా, ఒక్కో మెట్టుకు మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగండి. మొదటి వారం పది నిమిషాలు చాలు. నేను తొలిరోజే అరగంట చేస్తే రెండో రోజు తొడలు పట్టేసి కుర్చీలోంచి లేవలేకపోయాను.

మోకాళ్ల నొప్పి, గుండె జబ్బు ఉంటే డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి. మిగతా రోజుల్లో మంచు విడిచి ఎండ పొడ తగిలాక పానగల్లు చెరువు దాకా తొక్కి రండి.