జర్మనీ వెళ్తున్న గుంటూరు, బెజవాడ పిల్లలకు: ఇంట్లో శబ్దం సంగతి

అక్టోబరు సెమిస్టరుకు జర్మనీ వెళ్లే పిల్లలు కనిపిస్తే కుక్కర్ ఎన్ని లీటర్లది తీసుకెళ్లాలి, చలికోటు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా అని అడుగుతారు. వీసా, బ్లాక్డ్ అకౌంట్, సిటీ రిజిస్ట్రేషన్ గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోను. శబ్దం సంగతి మాత్రం ఎవరూ చెప్పి పంపడం లేదు. బ్రాడీపేట నుంచి వెళ్లిన మా బంధువుల అబ్బాయి మొన్న ఒక ఉత్తరం ఫొటో తీసి పంపాడు. అది ఇంటి ఓనరు పంపిన హెచ్చరిక. జర్మన్‌లో ఉందని, ఏదో ప్రకటన అనుకుని వారాల తరబడి ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోయాడు. ఆదివారం పొద్దున్నే మిషను శబ్దం, రాత్రి పదకొండున్నరకు బాల్కనీలో ఫోన్ మాటలు అని తేదీలు, టైములతో సహా అందులో ఉంది. ఆ మిషను వాడు పిండి రుబ్బుకునే వెట్ గ్రైండర్.

రూల్ తేలికే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా, కొన్ని ఊళ్లలో ఏడు దాకా, మీ శబ్దం మీ గది దాటకూడదు. ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజులు పగలు కూడా అంతే. కొన్ని బిల్డింగుల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా కూడా నిశ్శబ్దం పాటించాలి. అది దేశమంతటికీ ఉన్న చట్టం కాదు, ఆ బిల్డింగు నిబంధనల్లో ఉంటుంది. వాటిని హౌస్‌ఓర్డ్‌నుంగ్ అంటారు. అద్దె ఒప్పందంతో పాటు ఆ కాగితం ఇస్తారు, లేదా మెట్ల దగ్గర అంటించి ఉంటుంది. సంతకం పెట్టే ముందే దాన్ని ఫోన్‌లో అనువాదం చేసుకుని చదవండి.

రాత్రి పది నుంచి ఆరు అనేది మనకూ కొత్త కాదు. 2000లో వచ్చిన మన కేంద్ర శబ్ద కాలుష్య నిబంధనల్లోనూ రాత్రి అంటే అవే గంటలు. ఇళ్లుండే ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని హద్దు పెట్టారు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు సైలెన్స్ జోన్. కాగితం మీద రెండు దేశాలూ దగ్గరే, పక్కింటివాళ్ల తీరే వేరు. గుంటూరులో సౌండ్ ఎక్కువైతే ఎదురింటాయన గోడ మీంచి "ఏందయ్యా ఆ గోల, పిల్లకి పరీక్షలు" అని కేకేస్తాడు. మనం తగ్గిస్తాం, మర్నాడు ఆయనే పలకరిస్తాడు. అక్కడ అలా కేకేసేవాళ్లు తక్కువ. మెట్ల మీద ఎదురైతే నవ్వి హలో చెప్తారు. ఇంట్లోకి వెళ్లి ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఏం శబ్దం అని రాసి పెట్టుకుంటారు. ఎవరూ ఏమీ అనలేదు కదా అని మాత్రం ధీమాగా ఉండకండి.

ఆ రాసిన కాగితం నేరుగా ఓనరుకు వెళ్తుంది. గోల వల్ల ప్రశాంతంగా ఉండలేకపోతే అద్దె కొంత తగ్గించి కట్టే హక్కు అక్కడ అద్దెకున్నవాళ్లకు ఉంది. అంటే మీ గ్రైండర్ వల్ల ఓనరు జేబుకు చిల్లు. అందుకే ఆయన ఊరుకోడు, అబ్‌మానుంగ్ అనే హెచ్చరిక ఉత్తరం పంపుతాడు. దాని తర్వాత కూడా అదే పని జరిగితే ఇల్లు ఖాళీ చేయించడానికి చట్టం ఒప్పుకుంటుంది. విషయం బాగా ముదిరితే గడువు కూడా ఇవ్వకుండా. స్టూడెంట్లకు గది దొరకడం ఎంత కష్టమో వెళ్లాక తెలుస్తుంది. నేను వెళ్లిన కొత్తల్లో మా ఫ్లాట్‌లో మిగతావాళ్ల పార్టీల వల్ల అందరి పేర్ల మీదా ఇలాంటి ఉత్తరం వచ్చింది. ఆ చలికాలమంతా చేతిలోంచి గరిటె జారినా నా గుండె ఝల్లుమనేది. ఆ టెన్షన్ మీకు వద్దనే ఇంత చెప్తున్నాను. పోస్టు డబ్బా రోజూ తెరవండి బాబూ, అర్థం కాని ఉత్తరాన్ని అదే రోజు ఎవరితోనైనా చదివించుకోండి. ఊరూరా మీటర్‌ఫెరైన్ అని అద్దెదారుల సంఘాలుంటాయి. సభ్యత్వ రుసుము కడితే ఉత్తరం చూసి ఏం జవాబివ్వాలో చెప్తారు.

ఆదివారం గురించి ఇంకాస్త చెప్పాలి. ఆ రోజు విశ్రాంతిని వాళ్ల రాజ్యాంగమే కాపాడుతుంది, షాపులు కూడా మూసే ఉంటాయి. గోడకు డ్రిల్లింగ్ వద్దు. కొత్త మంచం బిగిస్తూ సుత్తితో కొట్టడం వద్దు. ఖాళీ సీసాలు వీధి చివర గాజు సీసాల కోసం పెట్టిన డబ్బాలో వేసి రావడం కూడా వద్దు, ఆ డబ్బా మీదే ఏ టైములో వేయాలో రాసి ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఫోన్ దగ్గర. అక్కడ ఆదివారం ఉదయం ఆరైతే గుంటూరులో వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. ఇంట్లో అందరూ లేచి ఉంటారు, తాతయ్యకు వినపడాలని మీరు గట్టిగా మాట్లాడతారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, కిటికీ మూసి, గదిలో కూర్చుని మాట్లాడండి.

ఇక పిండి. గ్రైండర్ మోతకన్నా అదురు ఎక్కువ ఇబ్బంది. నేల మీద పెడితే చెక్క ఫ్లోర్ గుండా కింద ఇంటి సీలింగ్‌కు చేరి, అరగంట సేపు వాళ్ల నెత్తి మీద గిర్రున తిరుగుతున్నట్టే ఉంటుంది. మందపాటి రబ్బరు మ్యాట్ వేసి, దాని మీద మడతపెట్టిన తువ్వాలు పరిచి, గోడకు జానెడు దూరంలో పెట్టండి. శనివారం పొద్దున పప్పు నానబోసి సాయంత్రం ఐదింటికి రుబ్బితే ఆదివారం ఇడ్లీకి పిండి సిద్ధం. కుర్చీ కాళ్లకు ఫెల్ట్ ముక్కలు అంటించండి, చాలా తక్కువ ధరకే దొరుకుతాయి.

ఏడాదికి ఒకసారి రాత్రంతా పార్టీ చేసుకోవచ్చు అని మీ సీనియర్లు చెప్తారు. నమ్మకండి, అలాంటి హక్కేదీ లేదు. మెట్ల దగ్గర కాగితం అంటించి, మీ ఫోన్ నంబర్ రాసి, పక్కవాళ్లకు ముందే చెప్తే చాలామంది సర్దుకుంటారు. అయినా పది దాటాక పోలీసులు వస్తే తగ్గించాల్సిందే. రెండోసారి వస్తే స్పీకర్ పట్టుకుపోవచ్చు. శబ్దంతో ఇబ్బంది పెట్టినందుకు జరిమానా 5,000 యూరోల దాకా ఉంటుంది. దీపావళికి పెద్ద చిచ్చుబుడ్లు, బాంబులు కుదరవు. మామూలు జనం వాటిని కాల్చుకోవడానికి డిసెంబర్ 31, జనవరి 1 మాత్రమే అనుమతి. చిన్న కాకరపువ్వొత్తులకు ఆ అడ్డు లేదు. ఉగాది ఫంక్షన్‌కు హాలు బుక్ చేసేవాళ్లు గుడ్ ఫ్రైడే తప్పించండి, ఆ రోజు డాన్సు కార్యక్రమాలకు చాలా రాష్ట్రాల్లో ఆంక్షలున్నాయి.

టిఫిన్ సెంటర్ పెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. నివాస ప్రాంతంలో వ్యాపారాల శబ్దానికి పగలు 55, రాత్రి 40 డెసిబెల్స్ ప్రమాణం. రాత్రి లెక్క సగటు కాదు, అన్నిటికన్నా గోలగా ఉన్న గంటను చూస్తారు. వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్, సరుకు దింపే వ్యాన్ కూడా అందులోకే వస్తాయి. షాపు అద్దెకు తీసుకునే ముందు ఆ ఫ్యాన్ గొట్టం ఎవరి పడకగది కిటికీ వైపు తెరుచుకుంటుందో చూడండి. బవేరియా రాష్ట్రంలో బీర్ గార్డెన్లకు, అంటే ఆరుబయట కూర్చుని బీరు తాగే చోట్లకు మాత్రం 1999 నుంచి ప్రత్యేక నిబంధన ఉంది. రాత్రి 11 దాకా తెరిచి ఉంచవచ్చు, సంగీతం 10కి ఆపాలి.

ఇదంతా చదివి గదిలో మునివేళ్ల మీద నడవక్కర్లేదు. మామూలుగా బతికే శబ్దాన్ని ఎవరైనా భరించాల్సిందే. ఫ్లష్ నొక్కవచ్చు, పగలు కుక్కర్ కూతలు వేయవచ్చు. రాత్రిపూట అరగంట దాకా స్నానం చేయవచ్చని 1991లోనే డ్యుసెల్‌డార్ఫ్‌లోని పైకోర్టు చెప్పింది. చంటిబిడ్డ రాత్రి ఏడిస్తే తప్పు కాదు. క్రెష్‌ల్లో, ఆటస్థలాల్లో పిల్లల గోలను కాలుష్యంగా చూడకూడదని 2011లో చట్టాన్నే మార్చారు. చంటిపిల్లలున్నవాళ్లు ఆ దిగులు పెట్టుకోకుండా అమ్మమ్మకు, నానమ్మకు టికెట్ తీయండి.