నన్నారి వేర్లకు మిక్సీ వద్దు

తిరుపతిలో ఎండలు మొదలైతే మా ఇంట్లో నన్నారి (సుగంధిపాల) వేర్ల షర్బత్ ఉండాల్సిందే. కానీ ఆ వేర్లు మహా గట్టివి, మిక్సీలో వేస్తే బ్లేడు పట్టేస్తుంది. ఇప్పుడు ఇలా చేస్తున్నా. 50 గ్రాముల వేర్లు మట్టి పోయేలా కడిగి, అరగంట నానబెట్టి, గుండ్రాయితో తట్టాలి. తొక్క విడిపోతుంది. లోపలి గట్టి పుల్ల పారేయొచ్చు, వాసనంతా తొక్కలోనే ఉంటుంది. లీటరు నీళ్లు మరిగించి, స్టవ్ ఆపాకే దంచిన తొక్క వేసి మూతపెట్టి రాత్రంతా ఉంచాలి. దాన్ని మరిగిస్తే సువాసన పోతుంది. పొద్దున వడకట్టి, కిలో చక్కెర కలిపి సన్నటి సెగ మీద కరిగించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. కొనేటప్పుడే ఒక వేరు విరిచి చూడండి. వాసన రాకపోతే పాత సరుకు, ఎంత నానబెట్టినా షర్బత్ చప్పగానే ఉంటుంది.