హైదరాబాద్ సిటీ టూర్ బస్సు ఎక్కేముందు

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి హైదరాబాద్ చూపించాలంటే గైడ్ ఉండే టూరిజం బస్సు హాయి, ఆటో బేరాలు, పార్కింగ్ టెన్షన్ ఏమీ ఉండవు. శుక్రవారం మాత్రం వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండింటికీ ఆ రోజే సెలవు.

బుక్ చేసేటప్పుడే ఎంట్రీ టికెట్లు, భోజనం ఛార్జీలో కలిశాయో లేదో అడగండి. బిర్లా మందిర్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి కలుసుకునే చోటు ముందే అనుకోండి. దిగిన ప్రతిచోటా బస్సు నంబర్ ఫోటో, గైడ్ నంబర్ దగ్గరుండాలి.

మ్యూజియంలో ఇచ్చే టైమ్ అస్సలు చాలదు, అందుకని అన్ని గదులూ చుట్టేయాలని పరుగెత్తకుండా నేరుగా ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గరికి వెళ్లి, గంట కొట్టే వేళకి ఓ ఐదు నిమిషాల ముందే మ్యూజికల్ గడియారం ఎదురుగా చోటు పట్టుకోండి, అందులోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ మురిసిపోతారు.

గోల్కొండ పైదాకా సుమారు 360 మెట్లు. మోకాళ్ల నొప్పులుంటే పైకి వద్దు, కింద ద్వారం దగ్గర చప్పట్లు కొట్టించండి, ఆ శబ్దం కొండపైకి వినిపిస్తుంది. ఎక్కగలిగినవాళ్లు దారిలో రామదాసు బందిఖానా తప్పకుండా చూడండి. నీళ్ల బాటిల్ మర్చిపోవద్దు.